బడి చూచి గృహప్రవేశము

కలకత్తా న్యూ టౌనులో ఇల్లు వెదకెడి మన సాఫ్టువేరు తెలుగువాడు, తాతగారు వాస్తు చూచిన నిష్ఠతోనే, యాక్షన్ ఏరియా 1, 2, 3 అనెడి మూడు ఖండములందలి ప్రైవేటు బడులను జాతకములవలె సరిపోల్చి, ఏసీ బస్సు గలదా, ఈతకొలను గలదా యని విచారించి, ఆఫీసెంత దూరమైనను సరేయని అడ్వాన్సు చెల్లించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఇరుగుపొరుగు బడి యన్నది దేనినో, న్యూ టౌను రాజార్‌హాట్ పల్లెలుగా నున్ననాటి ఆ సర్కారు పాఠశాల గంట బాల్కనీ క్రిందనే గణగణ మ్రోగగా, గుడిగంట యనుకొని లెంపలు వేసికొనెను. మధ్యాహ్నమున కిచిడీ పరిమళ మెక్కడిదని బ్రోకరు నడిగెను.

"అది మీ లిస్టులో లేదు, దాదా!"