క్వయర్ పండగకు పరదేశం వెళ్తున్నావా? అయితే ఈ తలకిందుల సలహాలు విను

మీ కాలేజీ క్వయర్‌కి వేల్స్‌లోని లాంగోలెన్ పాటల పండగ నుంచి పిలుపొచ్చిందంటే ఈపాటికి ఇంట్లోవాళ్ళు, చుట్టాలు, సంగీతం మాస్టారు తలా ఒక సలహా ఇచ్చేసి ఉంటారు. గొంతు బాగా విప్పు, ముందు వరసలో నిలబడు, కప్పు పట్టుకురా, పన్లోపని లండన్ కూడా చూసిరా. నా సలహాలు వీటన్నిటికీ ఎదురు. వినడానికి తిక్కగానే ఉంటాయి. అయినా ఇన్నేళ్ళుగా పిల్లలచేత నాలుగు గొంతుల పాటలు పాడిస్తున్నదాన్ని, ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

అన్నిటికన్నా ముందు, గొంతు విప్పకు. క్వయర్‌లో నీ గొంతు విడిగా వినబడిందంటే నువ్వెంత బాగా పాడినా తప్పు పాడినట్టే. కుడిపక్కవాళ్ళూ ఎడమపక్కవాళ్ళూ నీకు వినబడేంత తగ్గించి పాడు. వినబడకపోతే ఇంకా తగ్గించు. సోలో పోటీల్లో ప్రైజులు తెచ్చుకున్న పిల్లలకే ఇది కొరుకుడు పడదు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకు ఇంకో తిప్పలుంది. తోడి గాంధారాన్ని ఊపకుండా పాడితే గురువుగారు ఊరుకోరు. ఇక్కడ ఊపితే మాత్రం నీ వరసంతా కదిలిపోతుంది. ఆల్టోలందరూ ఒకే గాంధారం మీద కదలకుండా నిలబడితేనే కింద బాస్‌ల షడ్జమం, పైన సొప్రానోల పంచమం దానితో కలిసి మోగుతాయి. అందులో ఒక్క గొంతు వణికినా ఆ మోత చెదిరిపోతుంది. నువ్వు నేర్చుకున్న గమకం గొప్పదే, కాదనను. ఆ వారం పాటు దాన్ని ఇంట్లో ఉంచి వెళ్ళు.

శ్రుతి సంగతీ అంతే. మన కచేరీలో పాడేవాళ్ళు తమ గొంతుకు తగ్గ శ్రుతి ఎంచుకుంటారు. అక్కడ స్వరకర్త రాసిందే శ్రుతి. వాద్యాలు లేని పాటైతే, కండక్టర్ ట్యూనింగ్ ఫోర్కును మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. సాధారణంగా అది సెకనుకు 440 కంపనాల స్వరం. దాన్ని బట్టి నాలుగు వరసలకూ ఎవరి మొదటి స్వరం వాళ్ళకు మెల్లగా కూనిరాగంలా అందిస్తారు. అది వినబడేది ఒక్కసారే. సరిగ్గా ఆ క్షణంలో జనంలో ఎవరున్నారా అని చూసే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వాళ్ళు పాట మొదలవ్వకముందే పాటను పోగొట్టుకుంటారు.

ఇంకొకటి. మాట మధ్యలో ఊపిరి తీసుకో. పల్లవి విరగ్గొట్టొద్దని చిన్నప్పట్నుంచీ నేర్చుకున్నవాళ్ళకు ఇది అపచారంలా తోస్తుంది. కానీ అందరూ మాట చివరే గాలి పీలిస్తే అక్కడ పాటకు చిల్లు పడుతుంది. పక్కవాళ్ళు పాడుతున్నప్పుడు నువ్వు తీసుకో, నువ్వు పాడుతున్నప్పుడు వాళ్ళు తీసుకుంటారు. అప్పుడు పాట మొత్తానికి ఊపిరే అక్కర్లేదన్నట్టు సాగుతుంది. అలాగే, నీకు అందని పై స్వరం దగ్గర పాడకు. నోరు ఆ అక్షరం ఆకారంలోనే ఉంచి ఊరుకో. అది మోసం కాదు. అందేవాళ్ళకు చోటివ్వడం.

గొంతుకని చెప్పి అమ్మ కరక్కాయ, మిరియాలు, పటికబెల్లం కడుతుంది. ప్రేమతో ఇచ్చింది కాబట్టి తీసుకో, కానీ వాటి మీద ఆధారపడకు. మనం మింగేదేదీ స్వరతంత్రులను తాకదు, అది వెళ్ళే దారే వేరు. గొంతును కాపాడేవి నీళ్ళు, నిద్ర, నోరు మూసుకోవడం. విమానంలో గాలి పొడిగా ఉంటుంది. ఇంజను మోతను మించి అరుచుకుంటూ కబుర్లు చెప్పుకున్న గొంతు దిగేసరికి బొంగురుపోతుంది. పడుకోబోయే ముందు ఆవకాయన్నం తింటే పులితేపులు గొంతు దాకా వచ్చి పొద్దున్నే స్వరం పలకదు. పాలకోవా పట్టుకెళ్ళకు. మన దగ్గర్నుంచి పాలతో చేసినవి బ్రిటన్‌లోకి రానివ్వరు. స్వెటర్ మాత్రం మరవకు, వేల్స్‌లో జూలైలోనూ వాన, చలి ఉంటాయి.

ఇక నేను పట్టుబట్టి చెప్పేది: లండన్ చూడకు. మీ పాట అయిపోగానే ఫొటోల కోసం బయటికి పరుగెత్తకు. లోపలే కూర్చుని మిగతావాళ్ళ పాటలు విను. ఆ పండగ పుట్టిందే అందుకు. లాంగోలెన్ ఉత్తర వేల్స్‌లో డీ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రెండేళ్ళకు, 1947లో, తగువులాడుకున్న దేశాలవాళ్ళను ఒకచోట పాడించాలని ఊరివాళ్ళు పూనుకున్నారు. బయటినుంచి వచ్చిన పాటగాళ్ళను తమ ఇళ్ళల్లో ఉంచుకుని అన్నం పెట్టారు. 1949లో జర్మనీలోని ల్యూబెక్ నుంచి ఒక క్వయర్ వచ్చింది. యుద్ధంలో బిడ్డల్నీ తోబుట్టువుల్నీ పోగొట్టుకున్నవాళ్ళున్న ఊరు ఆ జర్మన్లను చప్పట్లతో ఆహ్వానించింది. అలాంటి చోటికి వెళ్ళి మన పాట మనం పాడేసి వచ్చేయడం నాకు నచ్చదు.

కప్పు గురించి బెంగపడేవాళ్ళకు ఒక సంగతి చెబుతాను. 1955లో ఇటలీలోని మోదెనా నుంచి స్వరకర్త రొస్సీని పేరు పెట్టుకున్న క్వయర్ అక్కడికి వెళ్ళి మొదటి బహుమతి గెలిచింది. అందులో రొట్టెలు కాల్చి అమ్మే ఒకాయన, ఆయన పంతొమ్మిదేళ్ళ కొడుకు కలిసి పాడారు. ఆ కుర్రాడు లూచానో పవరొట్టి. లోకమంతా టికెట్టు కొని విన్న గొంతది. ఆ రోజు మాత్రం వరసలో అందరితోపాటు కలిసిపోయింది. నలభై ఏళ్ళ తర్వాత, 1995లో, ఆయన మళ్ళీ ఆ ఊరొచ్చి పాడారు.

న్యాయనిర్ణేతలకు నచ్చాలని ఇంగ్లీషు పాటలే ఎంచుకోకండి. షిల్లాంగ్ ఛాంబర్ క్వయర్ 2010లో చైనాలోని షావోషింగ్‌లో జరిగిన ప్రపంచ క్వయర్ క్రీడల్లో మూడు విభాగాల్లో స్వర్ణాలు తెచ్చుకుంది. కాబట్టి మనవాళ్ళకు చేతకాదన్న మాట నిలవదు. మనకు లేనిది పాటల బీరువా. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి, భారతీయ భాషల పాటలను అనేక గొంతులకు పంచి కట్టారు. కానీ తెలుగులో నాలుగు వరసలకు రాసిన పాటలు చర్చి బయట కావాలంటే వెతుక్కోవాల్సి వస్తోంది.

అందుకే ఇంకొక్క మాట. తిరిగొచ్చాక కాలేజీలో సన్మానం చేసి, వేదికెక్కించి ఒక పాట పాడమంటారు. ఒక్కరే పాడకండి. ముగ్గుర్ని పక్కకు పిలిచి, తలో వరసా ఇచ్చి, తెలుగు పాటే పాడండి.