40వ నిమిషం

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీరైతే క్షమిస్తారని చెబుతున్నాను.

2020 ఆగస్టు. న్యూజెర్సీలో ఎడిసన్. కరోనా అని మార్చి 21న గవర్నరు ఇల్లు కదలొద్దన్న దగ్గర్నుంచి పిల్లలకి బడీ ఇంట్లోనే, ఆటా ఇంట్లోనే. ఏం తోచక బొమ్మలు గీశారు. కాగితాలు గుట్టలయ్యాయి. మా చుట్టుపక్కల తెలుగు పిల్లలు గీసినవన్నీ పోగేసి ప్రదర్శన పెడదామన్న ఆలోచన నాదే. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

"ఎవరి గరాజ్ తలుపుకి వాళ్ల పిల్లల బొమ్మలు తగిలిద్దాం తమ్ముడూ. మాస్కులు పెట్టుకుని నడుస్తూ చూసొద్దాం. ఏర్పాట్లేం అక్కర్లేదు" అంది ఎదురింటి అక్క. ఆగస్టు 3 నుంచి నాలుగు గోడల మధ్య 25 మందికి మించి చేరకూడదన్నారు గానీ, ఆరుబయట 500 మంది దాకా పరవాలేదు. కాబట్టి ఆవిడ మాటలో వంక పెట్టడానికేం లేదు. అయినా నాకు రుచించలేదు. ఏర్పాట్లే లేకపోతే ఏర్పాటు చేసిన మనిషి పేరు ఎక్కడ వేస్తారు? మీరూ ఎప్పుడో ఒక కమిటీలో ఉండే ఉంటారు. ఆ దురద మీకూ తెలుసు.

జూమ్‌లో పెడదామన్నాను. ఇండియాలో అమ్మమ్మలూ తాతయ్యలూ చూస్తారన్నాను. వాళ్లు నన్ను కూడా చూస్తారన్న మాట మాత్రం పైకి అనలేదు. మాకు శనివారం రాత్రి 9 గంటలంటే వాళ్లకి ఆదివారం పొద్దున్న ఆరున్నర.

డబ్బు కట్టకపోతే 40 నిమిషాలకి సమావేశం ఆగిపోతుందని నాకు తెలుసు. నెలకి 15 డాలర్లు కడితే చాలనీ తెలుసు. అది దండగనుకుని, అంతకి నాలుగింతలు పెట్టి నా ఫొటోతో బ్యానరు వేయించి కుర్చీ వెనక కట్టాను. "40 నిమిషాల్లో 14 మంది పిల్లలూ అయిపోతారా?" అని మా ఆవిడ అడిగింది. రెండు ముక్కలే మాట్లాడతానని మాటిచ్చాను.

ఆ రెండు ముక్కలూ దామెర్ల రామారావుతో మొదలయ్యాయి. రాజమండ్రిలో పుట్టి, బొంబాయిలో చిత్రకళ చదివి, 28 ఏళ్లయినా నిండకుండా 1925లో మశూచికి బలైపోయిన మనిషి. అక్కణ్ణుంచి చేర్యాల చుట్టల బొమ్మలకి వెళ్లాను. గుడ్డకి చింతగింజల జిగురు పూయడం, ఎర్రరంగు అలకడం, కథకులు ఆ చుట్ట విప్పుతూ పాడటం... నా పక్క గడిలోనే ఏడేళ్ల పాప కాగితాలతో అతికించిన చుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుంటూరులో వాళ్ల తాతగారు తెల్లారకముందే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోను ముందు చేరారు. తెర మీద ఏదో హెచ్చరిక మెరిసింది, చూడలేదు. మా ఆవిడ తలుపు దగ్గర్నుంచి చేతులూపింది, ఆగలేదు. "తమ్ముడూ, పిల్లలు" అంది అక్క, "ఒక్క నిమిషం అక్కా" అని గొంతు పెంచాను. "ఇక మన చిన్నారులు" అన్నానో లేదో, అందరూ మాయమైపోయారు.

14 మందిలో ఒక్కరూ బొమ్మ చూపించలేదు.

మళ్లీ లింకు పంపితే ఆరుగురొచ్చారు. గుంటూరు తాతగారికి ఫోను పెట్టిచ్చిన పక్కింటి కుర్రాడు అప్పటికే వెళ్లిపోయాడట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా గొంతే చెవుల్లో మోగుతూ ఉంది.

తెల్లారి అక్క గుమ్మం ముందు నిలబడ్డాను. అక్క ఒక్క మాట అనలేదు. లోపలికెళ్లి దారం ఉండా, బట్టల క్లిప్పుల సంచీ తెచ్చి మెట్టు మీద పెట్టింది.

తరవాతి ఆదివారం పొద్దున్న పదింటికి, గుంటూరులో రాత్రి ఏడున్నరకి, పాప వాళ్ల గరాజ్ ముందు ఆరడుగుల దూరంలో నిలబడి, తాతగారున్న ఫోను పట్టుకున్నాను. పాప చుట్ట విప్పుతూ కథ చెప్పింది. తాత ఇల్లు. తాత పెట్టె సర్దుకోవడం. విమానం. కదలని విమానం. కిటికీ. చివరి గడి తెల్లగా ఉంది.

"ఇది నువ్వొచ్చాక వేస్తా" అంది.

తాతగారు ఆ గడి ఇంకోసారి చూపించమన్నారు. చెయ్యి పీకేస్తున్నా ఫోను కదపలేదు, నోరు మెదపలేదు.