గ్యాంగ్‌వే పలకకు టీకా తాత్పర్యము

అవతారిక. మెక్సికో దేశం, కింతానా రో రాష్ట్రం, కోసుమెల్ దీవి. పొడవు సుమారు 48 కిలోమీటర్లు, వెడల్పు 16. మాయా భాషలో వానకోయిలల నేల అని అర్థమున్న పేరు స్పానిష్ నోళ్లలో నాని ఇలా మిగిలింది. ఇప్పుడక్కడ వానకోయిలల మాట ఎలా ఉన్నా, రద్దీ రోజున ఐదారు ఓడలు వాలతాయి. డాలస్ నుంచి ఐదు గంటలు కారు తోలుకొచ్చి గాల్వెస్టన్‌లో ఓడెక్కే తెలుగు కుటుంబం తరచుగా కాలు పెట్టే రేవు ఇదే.

మూలము. ఓడ దిగే చోట, చేతులు తుడుచుకునే మందు సీసా పక్కన, ఒక పలక నిలబెట్టి ఉంటుంది. మాటలు ఓడకో తీరుగా ఉన్నా సారం ఒకటే:

‘అందరూ 4:30 కల్లా ఓడలో ఉండాలి. ఓడ టైమే టైము. కార్డు దగ్గర ఉంచుకోండి. తినుబండారాలు దించకండి.’

మూలంలో లేనిదేదీ రాయనని మెదక్ సీమ కొల్చారం వాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఈ పలక దగ్గర ఆ నియమం చెల్లదు. చెప్పాల్సిందంతా మూలంలో లేనిదాంట్లోనే ఉంది.

ప్రతిపదార్థము. అందరూ = ఒక్కో పెద్ద ఓడలో ఐదువేలకు పైబడిన జనమూ; 4:30 కల్లా = ఐదింటికి తాళ్లు విప్పుతారు గనుక, దానికి అరగంట ముందే; ఓడలో = జెట్టీ మీద వరసలో నిలబడి చేతులూపుతూ గాక, కార్డు టింగుమనిపించి, సంచీని స్కానర్లో దొర్లించి, లోపల; ఉండాలి = ఉండకపోతే ఓడ ఉండదు.

తినుబండారాలు = ముఖ్యంగా పళ్లు, కూరగాయలు, ఇంట్లో వండినవి. పరాయి పురుగు తమ పంటల్లోకి దిగకుండా మెక్సికో వ్యవసాయ తనిఖీవాళ్లు పెట్టుకున్న కట్టడి ఇది. అమ్మమ్మ జిప్‌లాక్ సంచీలో పెట్టిచ్చిన పులిహోర ఈ పదం కిందికే వస్తుంది. అందులో పండు లేదని వాదించి లాభం లేదు, నిమ్మకాయ ఉంది.

శంక. ఇంత తిప్పలుంటే ఓడ ఇక్కడ అసలెందుకు ఆగాలి?

సమాధానము. నీళ్లు నీలంగా ఉన్నాయని ఒక కారణం. 1886 నాటి అమెరికా చట్టం మరో కారణం. విదేశీ జెండా ఓడలు అమెరికా రేవుల మధ్య జనాన్ని చేరవేయకూడదని ఆ చట్టం. ఈ విహార నౌకల్లో చాలావాటికి బహామాస్ జెండానో పనామా జెండానో ఉంటుంది. అందుకని అమెరికాలో ఎక్కించుకుని అమెరికాలోనే దించే ఓడలు దారిలో పరదేశపు రేవు ఒకటైనా తాకేట్టు దారి వేసుకుంటాయి. జెట్టీ మీద సెల్ఫీ దిగుతున్న యాత్రికుడికి తన వెనక ఒక పాత శాసనం నిలబడి ఉందని తెలియదు.

మరొక శంక. ఉన్న ఏడు గంటల్లో తులుమ్ శిథిలాలు చూసి రావచ్చునా?

సమాధానము. రావచ్చు, వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవాలి. అవతలి గట్టున ఉన్న ప్లాయా దెల్ కార్మెన్‌కు ఫెర్రీ ముప్పావు గంట, అక్కణ్నుంచి బస్సు మరో గంట, తిరుగుదారికి మళ్లీ అంతే. మధ్యలో పడవ కోసం ఎదురుచూపులు. శిథిలాల దగ్గర గంటో గంటన్నరో దక్కుతుంది. దీవి మీదే ఉన్న సాన్ హెర్వాసియో శిథిలాలకు ఈ అవస్థ లేదు. ఇష్‌చెల్ దేవతకు మొక్కడానికి మాయా స్త్రీలు పడవల్లో సముద్రం దాటి అక్కడికి వచ్చేవాళ్లు. వాళ్లకు 4:30 నియమం ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు.

అలంకారము: శ్లేష. జెట్టీ దాటగానే టాక్సీ రేట్ల పలక, దుకాణాల ధర చీటీలు. వాటి మీద నిలువు గీత పడ్డ ‘ఎస్’ గుర్తుకు రెండర్థాలు. అమెరికా వాడికది డాలరు, మెక్సికో వాడికి పెసో. 200 అని చూసి గుండె పట్టుకున్నవాడు పెసోలని తెలిసి నవ్వుతాడు. పెసోలే కదా అని నవ్వుతూ కూర్చున్నవాడు దిగేటప్పుడు గుండె పట్టుకుంటాడు. ఎక్కే ముందే అడగడం వ్యాకరణ సమ్మతం.

ఇదే వీధిలో అతిశయోక్తికీ కొదవ లేదు. నీలిరాయి టాంజనైట్ గాజు పెట్టెల్లో మెరుస్తుంటుంది. 1967లో బయటపడిన ఆ రాయిని టాంజానియాలో తప్ప మరెక్కడా తవ్వరు. మెక్సికో దీవి జ్ఞాపకంగా దాన్ని కొనుక్కుపోయేవాళ్లు చాలామంది.

పాఠాంతరము. ‘ఓడ టైమే టైము’ అన్న చోట వ్యాఖ్యాతలు తికమకపడ్డారు. ఎండ మరికాస్త సేపు ఉండాలని 2015 ఫిబ్రవరిలో కింతానా రో తన గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి అక్కడే మేకు కొట్టేసింది. అమెరికా మాత్రం ఏటా రెండుసార్లు ముల్లు తిప్పుతూనే ఉంది. అందుచేత చలికాలంలో గాల్వెస్టన్ టైముతో నడిచే ఓడ కంటే దీవి ఒక గంట ముందు. దీవి టైమే ఓడ టైమనుకున్నవాడు ఒక గంట తొందరగా వచ్చి ఐస్‌క్రీమ్ తింటాడు, అంతకు మించి నష్టం లేదు. వేసవిలో మయామీ టైముతో వచ్చిన ఓడ కంటే దీవి ఒక గంట వెనక. ప్రమాదమంతా ఈ పాఠంలోనే ఉంది. ఫోను ఒడ్డు మీది టవరు అందుకోగానే మర్యాదగా ఒడ్డు టైములోకి మారిపోతుంది, మారినట్టు చెప్పదు.

విశేషము. ఓడవాళ్ల దగ్గరే కొన్న టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకు వాళ్లే చేరుస్తారు. వీధిలో సగం ధరకు బేరమాడిన వాడికి ఆ పూచీ లేదు. వేళ మించాక గది తెరిచి, లాకర్లో పాస్‌పోర్టు ఉంటే తీసి, రేవులోని ఏజెంటుకు అప్పజెప్పి ఓడ కదిలిపోవడం కద్దు. ఆ తర్వాత విమానం టికెట్టు ఎవరిది వారిదే.

తాత్పర్యము. ఓ ప్రయాణికులారా, చేతికి ముళ్ల గడియారం ఒకటి కట్టుకుని దిగండి.

ఉదాహరణము. వేసవి, మయామీ ఓడ. పై అంతస్తుల కటకటాల వెంట వందలమంది గ్లాసులతో నిలబడి జెట్టీ వంక చూస్తుంటారు. అదిగో వస్తున్నారన్న కేకకు చప్పట్లు మొదలవుతాయి. జెట్టీ మొదట్లో ఇద్దరు. ఆమె సగం తలకే పూసల జడలు అల్లించుకుంది, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుతోంది. వెనక అతను టెకీలా సీసాల సంచీ గుండెకు హత్తుకుని, తాపీగా ఐస్‌క్రీమ్ చప్పరిస్తూ నడిచి వస్తున్నాడు. ఓడ గడియారంలో నాలుగూ యాభై. అతని ఫోనులో మూడూ యాభై.