ఆటోనగరు అద్వైతము

జీవేశ్వరుల అభేదమును నిరూపించుటకు శంకరభగవత్పాదులు భాష్యములు రచింపవలసి వచ్చెను గాని, పాత కార్ల విడిభాగములు విక్రయించు వర్తకుడు అంతకంటె దుర్ఘటమైన అభేదమును, నోటిలోని కిళ్లీని ఒక దవుడనుండి వేఱొక దవుడకు మార్చునంతలో స్థాపింపగలడు. విజయవాడ ఆటోనగరులో నేమి, చెన్నపట్టణపు పుదుప్పేటలో నేమి, వయసు మళ్లిన మారుతి 800 కొఱకు ఒక ఫెండరో బానెట్టో కావలెనని పోయినవానికి భాషాభేదముతో వినవచ్చు మహావాక్య మొక్కటే: “ఒకటే బాడీ సార్, అన్నిటికీ సెట్టయిపోద్ది.”

ఈ సిద్ధాంతమునకు ఆ కారు చరిత్రయే ప్రబల విరోధి. 1983 డిసెంబరులో ఇందిరాగాంధి తొలి కొనుగోలుదారునకు తాళములందించిన మారుతి 800 సుజుకివారి ఫ్రాంటే ఎస్‌ఎస్ 80 పోలికతో, పలకలు తేలిన ముఖముతో వచ్చినది. 1986లో ఆ బాడీ సమూలముగ మారినది. 1997లో మరల ముక్కు నునుపుదేఱి, దీపములును బంపర్లును వేఱైనవి. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోవులోపల ఇట్టివి పాతిక లక్షలకు మించి తయారైనవి. ఆత్మస్థానమున నున్న ఇంజను మాత్రము తుదివఱకు 796 సీసీగానే నిలిచినది గనుక, మన వర్తకుడు ఆత్మైక్యమును జూచి దేహైక్యమును భ్రమించెనేమో యని క్షమింపబోవుదుము; కాని అతడు అమ్మునది దేహమునే గదా! దీనికి తోడు 2012లో ఆల్టో 800 అను వేఱొక కారు వెలువడినది మొదలు, “800యేగా సార్?” అను ప్రశ్న అతనికి బ్రహ్మాస్త్రమైనది.

అతని మాట సర్వత్ర అసత్యము కాదనియు చెప్పవలెను. 1997 నాటి మార్పు ప్రధానముగ బండి ముందువెనుకలకు సంబంధించినది గనుక, తలుపుల విషయమున ఆ వాక్యము చాలవఱకు నిలుచును. తలుపు అమరినవాడు ఫెండరును గూడ నమ్మును. చిక్కంతయు అక్కడనే యున్నది.

సెట్టగుట యన నేమో తెలియవలెనన్న టింకరింగు షెడ్డునకు పోవలెను. 1997 తరువాతి ఫెండరును 1990 నాటి బండికి చేర్చిచూడగా, హెడ్‌లైటు దగ్గఱ వంపు కలియదు. బంపరు బిగించు చోటు తప్పును. బానెట్టునకును ఫెండరునకును నడుమ ఒక కొస వ్రేలు దూరును, వేఱొక కొస కాగితమైనను దూరదు. అంతట మేస్త్రి “ఏం కాదు సార్, నేనున్నాగా” అని అభయమిచ్చి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, డ్రిల్లుతో క్రొత్త రంధ్రములు తొలిచి, ఇంకను మిగిలియున్న ద్వైతమునంతయు పుట్టీతో పూడ్చి, పైని పెయింటు కొట్టును. జగత్తు మిథ్య యగుట మన కభ్యంతరము కాదు గాని, బానెట్టు లాకు మిథ్య యగుట ప్రాణాంతకము: కొక్కెము సరిగా పడని బానెట్టు జాతీయ రహదారిపై గాలి తాకిడికి లేచి ముందటి అద్దమును కప్పివేసిన క్షణమున డ్రైవరునకు కలుగునది బ్రహ్మానందము కాదు.

ఇక “ఒరిజినల్, కంపెనీ మాల్” అను ఉపవాక్యము. ఫ్యాక్టరీనుండి ఒకనాడు వెలువడిన తలుపు ఒరిజినలే, సందేహము లేదు. తరువాత అది ఎన్ని లారీలను ముద్దాడినదో ఎవ్వరును చెప్పరు. అయస్కాంతమును ఆనించినచో ఇనుము పట్టుకొనును, దళసరి పుట్టీ జాఱవిడుచును; తలుపును తలక్రిందులు చేసినచో నీరు పోవలసిన రంధ్రములు మట్టితో మూసికొని, అంచు వెంట తుప్పు తినివేసినదో లేదో తెలిసిపోవును. ఈ పరీక్షలకు నిమిషమైనను పట్టదు. అయినను కొనువాడు ధరను గుఱించి గంటసేపు వాదించునే గాని, ఆ భాగము ఏ సంవత్సరపు బండిదని ఒక్కమాఱైనను అడుగడు. అడుగనివానికి అబద్ధమాడవలసిన అవసరము వర్తకునకు లేకుండుటచే, ఈ వ్యాపారమున పాపము ఇరువురకును సమముగ పంచబడుచున్నది.

కావున పాఠకులారా, పోవునపుడు మీ ఆర్.సి.లోని తయారీ సంవత్సరమును చూచుకొని, విఱిగిన పాత భాగమును వెంట గొనిపొండు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి రంధ్రములకు రంధ్రములు సరిపోల్చి చూడనిదే, సరిపడనిచో తిరిగి తీసికొందునని రసీదుపై వ్రాయించుకొననిదే, ఒక్క రూపాయియైనను చెల్లింపకుడు.