మూత తీస్తే గానీ మారేది కాదు

మా రోజుల్లో వెర్షన్ అంటే చేత్తో పట్టుకునే వస్తువు. 1984లో మొదలైన క్లాస్ పథకంలో మన స్కూళ్లకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. కేంబ్రిడ్జిలోని ఎకార్న్ కంపెనీ సృష్టి. ప్రోగ్రాములు రాసే బేసిక్ భాష అంతా 16 కిలోబైట్ల రోమ్ చిప్పులో ఇమిడిపోయేది. దాన్ని మార్చాలంటే మూత విప్పి, పాత చిప్పు పెరికి, కొత్తది గుచ్చాలి. 28 కాళ్లలో ఒక్కటి వంగినా అంతే సంగతులు. మనకు తెలియకుండా మారిపోవడమనే మాటే లేదు. ఏ బేసిక్కో తెలియకపోతే, మిషను ఆన్ చేయగానే రిపోర్ట్ అని కొట్టేవాళ్లం. 1981 అని వస్తే మొదటిది, 1982 అని వస్తే రెండోది.

రెండింటికీ పేచీలు లేవనను. ఫైలు పేరును ఏ-డాలర్ అనే చరరాశిలో దాచి, నక్షత్రం గుర్తు ఆదేశం పక్కన ఏ-డాలర్ అని రాస్తే, అదే పేరనుకుని వెతికేది. రెండో బేసిక్‌లో ఓఎస్‌సీఎల్ఐ అనే కొత్త మాట వచ్చాక ఆ తంటా తప్పింది.

అసలు తమాషా ఓపెనిన్‌ది. మొదటి బేసిక్‌లో ఓపెనిన్‌తో ఫైలు తెరిస్తే చదవచ్చు, అందులోనే రాయనూ వచ్చు. రెండో దాంట్లో అది చదవడానికే పరిమితం. రాయాలంటే ఓపెనప్ అని కొత్త మాట పెట్టారు. (క్యాసెట్లతో నెట్టుకొచ్చేవాళ్లకు ఈ గొడవ లేదు, డిస్క్ ఉన్నవాళ్లకే.) మరి పాత ప్రోగ్రాముల గతేమిటి? ఈ బేసిక్ ఒక్కో మాటను అక్షరాలుగా కాక ఒక నంబరుగా దాచుకుంటుంది. ఓపెనిన్‌కు ఉన్న 173ను ఓపెనప్‌కు రాసిచ్చి, ఓపెనిన్‌కు 142 కేటాయించారు. పాత డిస్క్‌లోని ప్రోగ్రామును లోడ్ చేసి లిస్ట్ కొట్టండి: ఎవరూ ముట్టుకోకుండానే ఓపెనిన్ ఉన్నచోటల్లా ఓపెనప్ కనిపిస్తుంది, పని మాత్రం ఎప్పట్లాగే జరిగిపోతుంది. అదే ప్రోగ్రామును పాత పుస్తకంలో చూసి టైపు చేస్తే, రాయాల్సిన చోట మొరాయిస్తుంది. పిల్లలు దెయ్యమనేవారు. నేను మాత్రం ఈ బేసిక్ రాసిన సోఫీ విల్సన్‌కూ ఆ బృందానికీ మనసులోనే దండం పెట్టుకునేవాణ్ని. పాతవాడి పొట్ట కొట్టకుండా కొత్తది తేవడమంటే అదీ!

అమెరికా కోసం చేసిన మూడో బేసిక్, కలర్ స్పెల్లింగులో యు లేకపోయినా ఒప్పుకునేది. నన్నడిగితే చిప్పు దండగ.

ఇప్పుడో? రాత్రి పడుకునేటప్పుడు ఫోన్‌లో ఉన్న బటన్ తెల్లారేసరికి ఉండదు. ఏం మార్చారయ్యా అంటే "కొన్ని లోపాలు సరిచేశాం" అని ఒక్క ముక్క. ఏ లోపాలు? మనవణ్ని అడిగితే "అలవాటైపోతుందిలే తాతయ్యా" అంటాడు. వాళ్ల తప్పుకు నేను అలవాటు పడాలట!

యాప్‌లు రాసే బాబులూ, మార్చుకోండి, వద్దనను. ఏది మార్చారో, పాతదాన్ని ఏం చేశారో రెండు వాక్యాలు రాసి పెట్టండి. చదివే ముసలివాళ్లం ఇంకా ఉన్నాం.