వలిసె పూల చెంత నేను

నేను తేనెటీగల పెట్టెను. టేకు చెక్క ఒళ్లు, లోపల పది చట్రాలు, ఒక రాణి, వేల కూలి ఈగలు. ఏడాదిలో ఎక్కువ రోజులు కోనసీమ కొబ్బరితోటల్లోనే నా కాపురం. వానలు వెనకబట్టి చలి తగిలేసరికి మా యజమాని నా గుమ్మానికి జాలీ బిగించి లారీ ఎక్కిస్తాడు. ప్రయాణం రాత్రిపూటే. పగలైతే మేతకెళ్లిన ఈగలు అనాథలైపోతాయి, ఎండకు మైనం మెత్తబడుతుంది.

శృంగవరపుకోట దాటితే ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకీ చట్రాలు గడగడలాడతాయి. పగటిపూట అందరూ దిగే గాలికొండ దగ్గర మా లారీ ఆగదు. ఆ చీకట్లో చూసేదేముంది? తెల్లారేసరికి అరకు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. చీమలు ఎక్కకుండా నా కాళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టి, గుమ్మం తీస్తారు.

ఎదురుగా పొలమంతా పసుపు. వచ్చినవాళ్లు పూలతోట అంటారు గానీ అది నూనెగింజల పంట. వలిసెలు. వెర్రినువ్వులనీ అంటారు. కొండవాలు మెట్టల్లో గిరిజన రైతులు వానాకాలం చివర్లో చల్లుతారు. ఈ మొక్కకో పట్టింపు ఉంది: సొంత పుప్పొడితో సరిగా గింజ కట్టదు. పక్క మొక్కది రావాలి, దాన్ని మోసుకొచ్చేది ఈగలే. మా యజమాని తేనె లెక్క చూసుకుంటాడు. నాకు చోటిచ్చిన రైతు గింజ లెక్క చూసుకుంటాడు.

కిరండూల్ రైలు దిగినవాళ్లు ఫోటో కోసం నేరుగా చేలోకి నడుస్తారు. పూత మీదున్న మొక్క విరిగితే మళ్లీ లేవదు. అందుకే కొందరు రైతులు మనిషికింతని తీసుకుంటున్నారు. ‘పూలు చూడ్డానికీ డబ్బులా’ అని సణిగేవాళ్లకు ఆ పంట మీద ఇంకో బెడద ఉందని తెలియదు. దాని పేరు బంగారు తీగ. పేరు బంగారమే గానీ వలిసె మొక్కను చుట్టుకుని రసమంతా పీల్చేస్తుంది. దాని విత్తనం వలిసె గింజల్లో కలిసిపోయి చేను నుంచి చేనుకు పాకుతుంది. అది పట్టిన చేలో మా ఈగలకు పని దొరకదు.

కాఫీ ఉందిగా అంటారా? అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ అది వేసవి జల్లులకు పూసి నాలుగు రోజుల్లో రాల్చేస్తుంది. పైగా సొంత పుప్పొడితోనే కాయగలదు. నాకు వలిసెలే ముఖ్యం.

ఈసారి వస్తే రైతు అడిగింది బేరమాడకుండా ఇవ్వండి, గట్టు దిగకండి. నా గుమ్మానికి ఎదురుగా మాత్రం నిలబడకండి, మా ఈగలు దారి మార్చుకోవు.