పూర్తిచేస్తే పరువేముంది?

ఫ్యాంటసీ అభిమాని అంటే పుస్తకాలు చదివేవాడని లోకం అనుకుంటుంది. పాపం, లోకానికి తెలియదు. మా వ్యవహారంలో చదవడం ఎంతంటే, పెళ్ళిలో మూడు ముళ్ళు వేయడమంత. నిమిషంలో అయిపోతుంది. మిగతా తంతే అసలు పెళ్ళి. రాని పుస్తకం కోసం ఎదురుచూడాలి, వంశవృక్షాలు బట్టీపట్టాలి, సినిమా తీసినవాణ్ణి తీసినందుకు, తీయనివాణ్ణి తీయనందుకు తిట్టాలి. ఇన్ని బాధ్యతలు నెత్తిన పెట్టుకున్నవాడికి పేజీ తిప్పే తీరికెక్కడిది?

మా కులదైవం జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్. 1996లో ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’తో మొదలుపెట్టి, 2011లో అయిదో పుస్తకం చేతిలో పెట్టాడు. ఆరోది ‘ద విండ్స్ ఆఫ్ వింటర్’. అయిదోది వచ్చిన ఏడాది ఎల్‌కేజీలో చేరిన పిల్లలు ఇప్పుడు బీటెక్ సప్లిమెంటరీలు రాస్తున్నారు. ఆరోది మాత్రం రాలేదు. వచ్చినా కథ ముగియదు, ఏడోది ఒకటుంది. గడువు దాటిపోయిందని 2016 జనవరిలో ఆయనే చెప్పుకున్నాడు. 2020లో న్యూజిలాండ్‌లో సైన్స్ ఫిక్షన్ మహాసభ జరిగేనాటికి పుస్తకం చేతిలో లేకపోతే తనను అక్కడి వైట్ ఐలాండ్‌లో ఒక గుడిసెలో పెట్టి తాళం వేయమని 2019లో సరదాగా రాతపూర్వక అనుమతి కూడా ఇచ్చాడు. మేం తాళంకప్ప కొనేలోపు కరోనా వచ్చింది. సభ ఆన్‌లైన్‌లో జరిగింది. గుడిసె ఖాళీగానే ఉండిపోయింది.

కట్టప్ప బాహుబలిని ఎందుకు పొడిచాడో తెలియక దేశమంతా 2015 నుంచి 2017 దాకా తల్లడిల్లిందట. రెండేళ్ళు! దాన్ని మావాళ్ళు ఎదురుచూపు అనరు, ఇంటర్వెల్ అంటారు. మార్టిన్ అయిదో పుస్తకంలో మా జాన్ స్నో 2011లో కత్తిపోట్లు తిని కూలాడు. టీవీవాళ్ళు 2016లో లేపి నిలబెట్టారు గానీ, పుస్తకంలో మాత్రం పాపం ఇంకా ఆ చలిలో ఆ మంచులో అలాగే పడున్నాడు. (ముందే చెప్పేసి మజా పోగొట్టావంటూ దీనిక్కూడా ఎవరో ఒకరు ఉత్తరం రాస్తారు. రాయనీండి, మావాళ్ళకు ఇంకేం పని?)

మార్టిన్‌గారు పుట్టింది 1948లో. మా బాబాయి పుట్టిందీ ఆ ఏడాదే. దైవం బరువు తగ్గాడా, ఎండలో తిరుగుతున్నాడా, సభలకు పిలిస్తే విమానం ఎక్కుతున్నాడా అని ప్రతి ఫొటో పెద్దది చేసి చూడటం నా దినచర్య. భోజనాల దగ్గర ఓసారి ఇదే విషయమై నేను దిగులుపడుతుంటే, బాబాయి మజ్జిగ కలుపుకుంటూ అడిగాడు: “ఏరా, నేను కూడా ఓ పుస్తకం మొదలెట్టి సగంలో ఆపితే, నా షుగరు ఎంతుందో అడుగుతావా?”

ఒక్క దేవుణ్ణి నమ్ముకుంటే చాలదు కాబట్టి ఉపదేవతలున్నారు. ప్యాట్రిక్ రోత్‌ఫస్ 2007లో ఒకటి, 2011లో మరొకటి ఇచ్చి మూడోదాని దగ్గర ఆగాడు. మూడు రోజుల్లో తన కథంతా చెప్పేస్తానని ఆయన కథానాయకుడు మాటిచ్చాడు. మూడోరోజు తెల్లవారట్లేదు. ఇలాంటి రచయితలంటే మాకు ప్రాణం. ముగింపు రానంతకాలం ముగింపు మనదే కదా. ఎవరి తండ్రి ఎవరు, ఏ రాకుమారుడు మారువేషంలో తిరుగుతున్నాడు, రెండో పుస్తకంలో కనిపించిన వంటవాడు నిజానికి ఎవరు, ఇవన్నీ మేమే తేల్చేస్తుంటాం. రచయిత మధ్యలో వచ్చి తన కథ తను చెబితే, ఇన్నేళ్ళ మా పరిశోధన ఏ గంగలో కలపాలి?

ఆ ప్రమాదం ఒకసారి జరిగింది కూడా. మార్టిన్ కథ మీద తీసిన టీవీ సీరియల్ 2019 మేలో పూర్తయిపోయింది. అంతే, చివరి సీజన్ మళ్ళీ తీయాలంటూ పెట్టిన పిటిషన్ మీద పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. కథ ముగించిన నేరానికి లోకంలో ఇంతకన్నా పెద్ద మహజరు సమర్పించినట్టు నాకు గుర్తులేదు.

ఇక బ్రాండన్ శాండర్సన్ అని ఒకడున్నాడు. అతనితో పెద్ద చిక్కు. చెప్పిన తేదీకి పుస్తకం ఇస్తాడు. రాబర్ట్ జోర్డన్ 2007లో కన్నుమూస్తే, ఆయన భార్య, ఎడిటర్ హారియెట్ ఆ ‘వీల్ ఆఫ్ టైమ్’ని ఇతని చేతిలో పెట్టింది. ఒక్క పుస్తకం మిగిలిందనుకున్నది మూడయింది, పద్నాలుగో సంపుటంతో 2013 జనవరిలో శుభం కార్డు పడింది. అక్కడైనా ఆగాడా? లాక్‌డౌన్‌లో మనం పులుపెక్కని ఇడ్లీపిండిని తిట్టుకుంటుంటే, అతను ఎవరికీ చెప్పకుండా అదనంగా నవలలు రాసి, నాలుగింటిని 2022 మార్చిలో పాఠకుల ముందు పెట్టాడు. జనం ముందస్తుగా నాలుగు కోట్ల డాలర్లకు పైగా పోశారు. మావాళ్ళ పంచాయతీలో మాత్రం తీర్పు వేరు: “ఇంత తొందరగా రాసేది సాహిత్యం ఎలా అవుతుందండీ?”

కొనుగోళ్ళ సంగతీ చెప్పాలి. మనకు దొరికే లండన్ పేపర్‌బ్యాక్‌లలో మార్టిన్ మూడో పుస్తకం రెండు ముక్కలు, అయిదోదీ రెండు ముక్కలు. అలా అయిదు పుస్తకాలు అలమరలో ఏడై కూర్చుంటాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మూడోదాని రెండో ముక్క తప్పకుండా కనిపిస్తుంది. మొదటి ముక్క ఏ జన్మలోనూ కనిపించదు. అయినా రెండోదే కొంటాం, వదిలేస్తే పాపం దాన్నెవరు చూస్తారు? కిలోల లెక్కన పుస్తకాలమ్మే చోటికి మాత్రం మా జాతి వెళ్ళకూడదు. అదే డబ్బుకి పక్కవాడు నాలుగు డిటెక్టివ్ నవలలు, ఒక వంటల పుస్తకం మోసుకుపోతుంటే, మనకు ఒకే ఒక్క సంపుటం వస్తుంది. అందులోనూ చివరి వంద పేజీలు అనుబంధాలే.

ఆ అనుబంధాలే మా వేదం. క్రితం ఏడు మా ఇంట్లో తద్దినం పెడుతుంటే శాస్త్రిగారు, “నాయనా, తండ్రిగారి పేరు, తాతగారి పేరు, ముత్తాతగారి పేరు” అన్నారు. తాతగారి దాకా ఎలాగో నెట్టుకొచ్చాను. ముత్తాత దగ్గర నాలుక తిరగలేదు. అదే టోల్కీన్ కథలోని అరగార్న్ పేరు మీద తర్పణం విడవమంటే ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి: తండ్రి అరథార్న్, తాత అరడార్, ముత్తాత అర్గొనుయ్. గోత్రం కూడా ఉంది, డూనడైన్. వంటింట్లోంచి మా అత్తయ్యే పేరు అందించి పరువు నిలబెట్టింది. శాస్త్రిగారు నావైపు చూసిన చూపులో జాలి ఉంది. ఆయన టోల్కీన్ చదవలేదు, వదిలేద్దాం.

మొన్న డిసెంబరులో పుస్తక ప్రదర్శన దగ్గర టీ తాగుతూ మావాడొకడు నిట్టూర్చాడు: “మన తెలుగులో ఫ్యాంటసీ అనేదే లేదు గురూ.” అందరం తలలూపాం. ఆ తలలన్నీ చందమామ చదివి పెరిగిన తలలే.

1954లో లండన్‌లో టోల్కీన్ ‘ద ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్’ అచ్చయింది. అదే ఏడాది మద్రాసులో అచ్చయ్యే చందమామలో ‘తోకచుక్క’ అనే సీరియల్ మొదలైంది. తర్వాత మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం... మాంత్రికులు, రాక్షసులు, కొండజాతులు, పాడుబడ్డ గుళ్ళు, వాటి మధ్య చిత్రాగారి బొమ్మలు. నెలనెలా సరిగ్గా హీరో మీదికి ఏదో జంతువు దూకబోయేచోట కథ ఆగేది. రాసిన దాసరి సుబ్రహ్మణ్యం అయిదు దశాబ్దాలకు పైగా ఆ పత్రికలోనే ఉద్యోగం చేశారు. సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు. పేరు లేకపోయినా నెల తప్పేది కాదు. ఇంటర్వ్యూల్లో ఆలస్యానికి కారణాలు చెప్పే పనే ఆయనకు పడలేదు. అన్నిటినీ మించిన ఘోరం, మొదలుపెట్టిన కథను ముగించేవారు. ఇలాంటి మనిషికి అభిమాన సంఘం ఎలా పుడుతుంది చెప్పండి? పట్టువదలని పెద్దలు కొందరు పాత సంచికలు గాలించి ఆ సీరియళ్ళను పుస్తకాలుగా తెచ్చారనుకోండి. వాళ్ళు ఉత్త పాఠకులు. మా లెక్కలోకి రారు.

ఇంకా వెనక్కి వెళ్తే మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీ మజిలీ కథలు’ పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు నడుస్తుంటాడు, పశులకాపరి వెంటపడి కథ అడుగుతుంటాడు, కథ కడుపులో కథ, దాని కడుపులో ఇంకోటి. దాంట్లోంచి ఒక్క ముక్క తీసుకుంటేనే 1951లో ‘పాతాళభైరవి’ అయింది. పన్నెండు సంపుటాలంటే లండన్‌లో అయితే బంగారు అంచుల పెట్టెలో పెట్టి, పటం ఒకటి మడిచి లోపల దూర్చి అమ్మేవారు. మనం అటక మీద పెట్టాం, బోషాణం పక్కన.

మొన్న వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు వచ్చాడు. వాడు సెల్‌ఫోన్లో హై వలీరియన్ అనే కల్పిత భాష నేర్చుకుంటున్నాడు, మా అమ్మతో మాట్లాడాలంటే నేను దుబాసీ పని చేయాలి. వాడికి ‘రాకాసిలోయ’ చేతికిచ్చాను. కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు. రెండు రోజులు అన్నానికి పిలిచినా పలకలేదు. మూడోనాడు పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“తర్వాతి పార్టు ఎప్పుడొస్తుంది మామయ్యా?”

“తర్వాతి పార్టు లేదురా. కథ అయిపోయింది.”

“అంటే... సీజన్ అయిపోయిందా?”

“మొత్తం అయిపోయింది. నేను పుట్టకముందే అయిపోయింది.”

వాడు పుస్తకాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. వెనక వంశవృక్షాలేమైనా మిగిలాయేమోనని చివరి పేజీ కూడా తీశాడు.

“బావుంది గానీ మామయ్యా, ఇందులో ఇంక కొట్లాడుకోడానికేముంది?”